బొక్కకు ఒకటిన్నర అంగుళం

పోయిన వారం భాగంలో పైడిరాజును నేల మీద కూర్చోబెట్టి వదిలేశాను. తొమ్మిది రోజులు జ్వరంతో దవాఖానలో పడి ఉన్నవాడు, పదో రోజు పొద్దున మెడకు మఫ్లరు చుట్టుకుని మా లాంచీ షెడ్డుకు వచ్చాడు. వరుసగా పేర్చి ఉన్న నలభై నాలుగు కమ్మీలను చూశాడు. ఒకదాని కింది కొసను వేలితో తడిమాడు. రెండోదాన్ని తడిమాడు. మూడోదాని దగ్గర కూలబడ్డాడు.

"ఏటి చేసేరు మేస్త్రిగారూ?" అన్నాడు.

ఏం చేశామో చెప్పాలంటే ముందు లాంచీ అంటే ఏమిటో చెప్పాలి. కొత్తగా చదివేవాళ్ళకు కూడా తెలియాలి కదా.

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్ట లేస్తోంది. నీళ్ళు నిలిచాక మనుషులను, సామానును దాటించడానికి నలభై అడుగుల ఇనుప లాంచీ కావాలన్నారు. దాన్ని కట్టే షెడ్డుకు నేను మేస్త్రిని. పేరు మైసయ్య. ఊరు పానగల్. చదువు ఐదో తరగతి. భార్య పుల్లమ్మ పోయి మూడేళ్ళయింది. అప్పటి నుంచి నాతో పనికిరాని మాటలు ఎవరూ మాట్లాడరు. నాకు అదే బాగుంది.

లాంచీ కూడా మనిషి ఒళ్ళు లాంటిదే. మధ్యలో వెన్ను. వెన్నుకు అటు ఇరవై రెండు, ఇటు ఇరవై రెండు పక్కబొక్కలు. వాటి మీద రేకు, తోలు కప్పినట్టు. పక్కబొక్కలను ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలతో చేస్తాం. కమ్మీని వంచడం పెద్ద పని కాదు. ఇద్దరు బలమైనవాళ్ళు, ఒక కొలిమి చాలు. దాని కొస కోయడమే పని. కొస ఎక్కడ ఆనుతుందో దాన్ని బట్టి కోత. ఒక చోట చిలక ముక్కులా ఏటవాలుగా కోయాలి. ఒక చోట మూల తీసెయ్యాలి. ఒక చోట పక్క కమ్మీకి దారి ఇచ్చేలా గాడి పెట్టాలి.

పైడిరాజు విశాఖలో ఓడలు కట్టే చోట పనిచేసి వచ్చిన డ్రాయింగు మనిషి. కోతలన్నిటికీ నంబర్లు వేసి పుస్తకం రాసుకున్నాడు. మొత్తం పదకొండు కోతలు. ఒక్కోదానికి ఒక రేకు ఫర్మా, అంటే కోత ఆకారంలో కత్తిరించిన అచ్చు. బొమ్మలో కమ్మీ కొస దగ్గర మూడు అని ఉంటే, మూడో ఫర్మా పెట్టి సుద్దతో గీయాలి. ఎడమ కమ్మీకి గీసిన ఫర్మానే తిప్పి కుడి కమ్మీకి గీయాలి. తిప్పడం మరిస్తే రెండూ ఎడమవే అవుతాయి. రెండు ఎడమ కాళ్ళతో నడిచేవాణ్ణి నేనైతే చూడలేదు.

గీసేది ఈదమ్మ. ఐదేళ్ళు కట్ట మీద రాళ్ళు మోసింది. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. రెండేళ్ళ కింద షెడ్డులోకి మంచినీళ్ళు తెచ్చి, ఫర్మాను తిప్పకుండా గీస్తున్న ఒక మగవాణ్ణి చూసి నవ్వింది. "నవ్వుడు గాదు, నువ్వు గీయి" అన్నాను కోపంగా. గీసింది. ఆ రోజు నుంచి సుద్దముక్క ఆమెదే. రెండేళ్ళలో ఒక్క గీత తప్పలేదు. నేను పొగడలేదు. పని చేసినందుకు పొగడడమేమిటి?

ఇక పైడిరాజు అడిగిన ప్రశ్న.

"నువ్వు రాసిందే చేసినం" అన్నాను. దవాఖాన నుంచి అతను పంపిన చిట్టీ నా జేబులోనే ఉంది. తీసి, మడత విప్పి, అందరికీ వినబడేలా చదివాను. "అన్ని కమ్మీలకూ కింది చివర బొక్కకు ఒకటిన్నర అంగుళం తీసెయ్యాలి. ఒక్కటి కూడా మరవకూడదు."

"అవునండీ. అదే రాసేను. మరి బొక్క ఏదండీ?"

"ఏ బొక్క?"

"నాను తియ్యమన్న బొక్కండీ!"

గ్యాసుతో ఇనుము కోసే సైదులు నా వైపు వంగాడు. కోసేదీ అతికేదీ మా షెడ్డులో అతనే. "మేస్త్రీ, బాబుకు జరం తలకెక్కినట్టున్నది. నలభై నాలుగు బొక్కలు ముంగట వెట్టుకొని బొక్క ఏదంటుండు."

"ఇవి బొక్కలేటండీ? ఇవి కమ్మీలు!"

"పక్కబొక్కలు గావా? మరేంది, తునికాకు కట్టలా?"

పైడిరాజు లేచి నిలబడ్డాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి గుండ్రంగా పట్టి నా ముక్కు ముందు పెట్టాడు. "బొక్క! గుండ్రంగా! నీళ్ళు పోయే బొక్క! ఎలక దూరుతుంది చూడండి, అలాటి బొక్క!"

అప్పటిదాకా మాట్లాడని ఈదమ్మ ముందుకు వచ్చింది.

"ఎలుక దూరేది పొక్క బాబూ. బొక్క గాదు." తన ముంజేతి మీద గట్టిగా కొట్టుకుంది. "బొక్కంటే గిది."

షెడ్డులో కొలిమి తిత్తి కూడా ఆగింది.

"మా వైపు బొక్కంటే కన్నమమ్మా" అన్నాడు పైడిరాజు.

"మా దిక్కు బొక్కంటే ఎముక" అంది ఈదమ్మ.

అందరం తలా ఒకసారి చిట్టీ వైపు చూశాం. బొక్కకు ఒకటిన్నర అంగుళం తీసెయ్యాలి. అతను రాసింది, కన్నం కోసం ఒకటిన్నర అంగుళం తియ్యమని. లాంచీ అడుగున చేరిన నీళ్ళు ఒక గది నుంచి ఇంకో గదికి పారడానికి. నేను చదివింది, ప్రతి ఎముకనూ ఒకటిన్నర అంగుళం పొట్టి చెయ్యమని. పొట్టి చేశాం. నలభై నాలుగూ. ఒక్కటి కూడా మరవలేదు.

రెండు దిక్కులూ కలిసి ఒకే రాష్ట్రమై తొమ్మిదేళ్ళు. ఒకే భాష అని అందరూ అన్నారు. మమ్మల్ని అడిగితే ఒక మాట ఎక్కువ చెప్పేవాళ్ళం.

సైదులుకు ముందు నవ్వు వచ్చింది. ఆపుకోలేక మోకాళ్ళు పట్టుకుని వంగిపోయాడు. "ఓ బాబూ, మీ ఊళ్లె మనిషి వడితే బొక్క ఇరిగిందంటే ఏమనుకుంటరు? కన్నం ఇరిగిందనా?" పైడిరాజుకు కూడా నవ్వు రాబోయింది. వచ్చేలోపు బయట జీపు ఆగిన చప్పుడు వినిపించింది. నవ్వు ఎక్కడిదక్కడ చచ్చింది.

షెడ్డు ముందర రైలు పట్టా ముక్క వేలాడుతుంది. పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి కొడతాం. వేళ కాని వేళ మోగితే ప్రమాదం జరిగిందని గుర్తు. ఒక చోట మోగితే పక్క చోటివాళ్ళు అందుకుని కొట్టాలి. అలా కట్ట కొసదాకా పోవాలి. ఎవరు ఎక్కడున్నా పని ఆపి ఉరకాలి. పోయిన ఏడు ఒకడు తమాషాకు కొట్టాడు. ఆ పూటే వాణ్ణి పంపించేశాను. పిల్లలున్నారని ఏడ్చాడు. పిల్లలు నాకూ ఉండవలసింది. రెండో మాట లేదు.

ఆ పట్టా పక్క నుంచి ఇంజనీరు రామచంద్రం లోపలికి వచ్చాడు. కొత్తకోట మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు. అరిచే అధికారిని పట్టించుకోనక్కర్లేదు. నెమ్మదిగా మాట్లాడేవాడితోనే భయం.

అంతా విన్నాడు. ఒక కమ్మీని వెన్నుబద్ద పక్కన పెట్టించి చూశాడు. మధ్యలో ఒకటిన్నర అంగుళం సందు. అందులో తన చేతికర్ర పెట్టి అటూ ఇటూ ఆడించాడు.

"గీ ఇనుము రానికి ఎన్ని నెలలు వట్టింది మైసయ్యా?"

"ఎనిమిది సారు."

"మల్ల రావాల్నంటే ఇంకో ఎనిమిది. నీళ్ళు మనకోసం ఆగుతయా?" కర్ర తీసేశాడు. "ఎవరు గీసిన్రు?"

"నేనే సారు" అంది ఈదమ్మ. దాచలేదు. తల కూడా దించలేదు.

"రేపటిసంది రాళ్ళ పనికి పో. గీసే పనికి ఇంకొకల్ని సూస్త."

ఈదమ్మ సుద్దముక్కను తీసుకెళ్ళి ఫర్మాల పెట్టె మీద పెట్టింది. పక్కనే తుడిచే గుడ్డ మడత పెట్టింది. నన్ను చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఎందుకంటే చిట్టీ వచ్చిన రోజు ఏం జరిగిందో మా ఇద్దరికే తెలుసు. చిట్టీ చదివి వినిపించింది నేను. కమ్మీ మీద మొదటి గీత గీసే ముందు ఆమె సుద్ద ఎత్తి పట్టుకుని అడిగింది. "మరి నీళ్ళు పోయే పొక్క ముచ్చట ఏమన్న రాసిండా మేస్త్రీ?" లేదన్నాను. "ఒక్కపారి బాబును అడిగి రమ్మంటవా? దవాఖాన ఎంత దూరం?" అంది. "రాసింది చెయ్యి. నీ తెలివి నీ దగ్గర వెట్టుకో" అన్నాను.

నోరు మూసుకుంటే నాకు పోయేదేమీ లేదు. గీసింది ఆమె, కోసింది సైదులు, రాసింది పైడిరాజు. పుల్లమ్మ ఉన్నప్పుడు ఒక మాట అనేది. "నువ్వు మందిని మాఫ్ జెయ్యవు. మంచిదే. నిన్ను మాత్రం దినాం మాఫ్ జేస్కుంటవు." అప్పట్లో ఆ మాటకు అన్నం ముందు నుంచి లేచి పోయాను.

"సారు" అన్నాను. "చిట్టీ చదివింది నేను. పొక్క ఏదని ఆమె అడిగింది. బాబును అడిగి వస్తనన్నది. నేనే వద్దన్న. తప్పు గీతది గాదు, నాది. పంపుడైతే నన్ను పంపుండ్రి."

రామచంద్రం నా వైపు తిరిగాడు. సైదులు నోరు తెరిచి మూయడం మరిచాడు. ఈదమ్మ అప్పుడు చూసింది.

"నువ్వేనా మైసయ్యా గీ మాట అంటున్నది?"

"నేనే."

"నీ తప్పని?"

"ఎన్నిసార్లు చెప్పాలె సారు?"

అతను కర్రతో చెప్పు మీద కొట్టుకున్నాడు. "రాసినోడు ఒకడు, చదివినోడు ఒకడు, గీసినోళ్ళు ఒకరు. ముగ్గుర్ని పంపితే షెడ్డుల కుక్క గూడ మిగలదు. పంపినా బొక్క పొడుగైతదా?"

ఆ మాటకు ఈదమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. కమ్మీ పక్కన కూర్చుంది. ఆ సందులో చెయ్యి పెట్టింది. నాలుగు వేళ్ళూ అవతలికి వచ్చాయి.

"సారు, ఒక్క మాట చెప్తె కోపం జేస్తరా?"

"చెప్పు."

"నీళ్ళు గీ సందుల నుంచి పోతయి గద. ఇగ పొక్క ఎందుకు?"

"నీళ్ళు పోతయి. గని బొక్క వెన్నును తాకకపాయె. దేని మీద నిలవడ్తది?"

"మనిషికి తొడబొక్క, కాలిబొక్క ఒకదాన్నొకటి అతుక్కొని ఉంటయా సారు? నడుమ సందే గద. మోకాలు మీద చిప్ప ఉంటది." ఆమె లేచింది. గొంతు పెరిగింది. "మా నాయిన బాలయ్య బొక్కలు సర్దేటోడు. మనుషులకు, గొడ్లకు. ఇరిగిన బొక్క నడుమ సందు వడితే వెదురు బద్ద వెట్టి కట్టేటోడు. బద్ద రెండు దిక్కులా బొక్క మీదికి జానెడు ఎక్కాలె, లేకుంటే కట్టు నిలవదనేటోడు. మనం గూడ గట్లనే ఇనుప చిప్ప వెట్టి అతికితె?"

సుద్దముక్క పెట్టె మీద ఉంది. ఎవరో తీసి ఇచ్చారు. ఎవరో ఏమిటి, నేనే.

నేల మీద గీసింది. వెన్ను. సందు అవతల కమ్మీ. రెండింటి మీదా పడేలా మూడు మూలల రేకు. గీయడం అయ్యాక ఒక క్షణం ఆగి, సందు మీదికి వచ్చిన చిప్ప కింది మూలను చేత్తో చెరిపేసింది. "గీడ మూల కొరికెయ్యాలె. లేకుంటె నీళ్ళకు చిప్పే అడ్డం వడ్తది."

పైడిరాజు మఫ్లరు తీసి పారేశాడు. బొమ్మ పక్కన బోర్లా పడుకున్నాడు. జేబులోంచి పెన్సిలు తీసి, చిప్ప ఎంత మందం, కమ్మీ మీద ఎంత ఎక్కాలి అని కాగితం మీద రాసుకుంటూ పోయాడు. రాస్తూ రాస్తూ తనలో తను మాట్లాడుకున్నాడు. కాసేపటికి తల ఎత్తాడు. జ్వరం వచ్చినప్పటి కంటే ఎర్రగా ఉంది ముఖం.

"సార్, కన్నం పెడితే కమ్మీ కొంత బలం పోద్దండి. ఇలా చిప్ప వేస్తే పోదు. ఇంకా పెరుగుద్ది. నాను రాసిందానికంటే మీరు చదివిందే బాగుందండి మేస్త్రిగారూ!"

"నన్ను పొగడకు" అన్నాను. "నేను తప్పు చదివిన."

"చిప్పలకు రేకేది?" అన్నాడు రామచంద్రం.

"కోయంగ మిగిలిన ముక్కలు కుప్పలున్నయి సారు" అన్నాడు సైదులు. "ఎనబై ఎనిమిది చిప్పలడిగినా ఇస్త."

"మాటలతోటి లాంచీ తేలదు." రామచంద్రం గడియారం చూసుకున్నాడు. "పదకొండు గొట్టింది. రెండు గంటల వరకు ఒక్క బొక్కకు చిప్ప అతికి సూపియ్యుండ్రి. బరువు గట్టి గుంజుత. నిలిస్తే నలభై నాలుగు అట్లనే చేద్దాం, గీసే పని ఈమెదే. నిలవకుంటే కమ్మీలు పాత ఇనుముకు, ఈమె రాళ్ళకు, మైసయ్య పానగల్‌కు."

మూడు గంటల పని మూడు గంటల్లో అయింది అంటే ఎవరూ నమ్మరు. అయింది. ఈదమ్మ గీసింది. సైదులు కోశాడు, అతికాడు. నేను అతుకు అతుకునూ సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్నాను. ఒక చోట మోత బోలుగా వచ్చింది. మళ్ళీ అతకమన్నాను. సైదులు తిట్టుకుంటూ అతికాడు. సద్ది మూటలు ఎవరూ విప్పలేదు.

వెన్నుబద్ద ముక్కను రెండు రాతి దిమ్మెల మధ్య బిగించాం. దాని నుంచి కమ్మీ చెయ్యి చాపినట్టు నిలబడింది. కమ్మీ కొసకు గొలుసు, గొలుసుకు పలక. పలక మీద పెట్టడానికి కట్ట పని రాళ్ళు. మాకు రాళ్ళ కరువు ఏనాడూ లేదు. ఒక్కో రాయిని నలుగురు ఎత్తాలి.

"ఎనిమిది రాళ్ళు మోస్తే పాస్" అన్నాడు రామచంద్రం.

అప్పటికి వార్త పాకింది. కమ్మరివాళ్ళు, రంగులవాళ్ళు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు షెడ్డు చుట్టూ చేరారు. మొదటి రాయి పెట్టారు. రెండోది. మూడోది. నాలుగో రాయికి గొలుసు కిర్రుమంది. ఈదమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఐదు. ఆరు. పైడిరాజు కళ్ళు మూసుకుని దండం పెడుతున్నాడు.

"బాబూ, కండ్లు తెరువు" అన్నాడు సైదులు. "నీ బొక్క నిలవడ్డది."

"అది నా బొక్క కాదు, మీ బొక్క!"

ఏడు. ఎనిమిది. చిప్ప కదల్లేదు. రాళ్ళు ఎత్తేవాళ్ళు ఆగి రామచంద్రం వైపు చూశారు.

"వెట్టుండ్రి" అన్నాను నేను.

"చాలు మైసయ్యా."

"మనుషులు ఎక్కే లాంచీ సారు. వెట్టుండ్రి."

తొమ్మిది. పది. పదకొండు. పన్నెండో రాయికి కమ్మీ మూలిగింది. కూడిన ఆడవాళ్ళు అమ్మో అన్నారు. కమ్మీ మధ్యలో వంగింది. వంగి, అక్కడే ఆగింది. అందరి కంటే ముందు నేను పోయి చిప్ప మీద చెయ్యి వేశాను. అతుకు వెంట వేలు నడిపాను. వెంట్రుకంత పగులు లేదు. బొక్క నడుము వంగింది గానీ మోకాలు చలించలేదు.

"నిలిచింది" అన్నాను.

ఆ మాట కోసమే ఆగినట్టు షెడ్డు రేకులు ఎగిరిపోయేలా అరిచారు. రంగులవాళ్ళు డబ్బాలు వాయించారు. సైదులు పైడిరాజును నడుము పట్టి ఎత్తాడు. "జ్వరం మనిషినండీ, దించండి!" అని అతను గాలిలో కాళ్ళు కొట్టుకున్నాడు. ఈదమ్మ మాత్రం చెంబుతో నీళ్ళు తెచ్చింది. అసలు సంగతి ఆమె ఒక్కదానికే గుర్తుంది.

వెన్ను ముక్కకు ఒక పక్క నీళ్ళు పోసింది. నీళ్ళు మెల్లగా సుద్దపొడిని తోసుకుంటూ చిప్ప దాకా వచ్చాయి. కొరికేసిన మూల కింద ఒక క్షణం తటపటాయించాయి. దూరి అవతలికి పోయాయి. ఎవరో తింటున్న పల్లికాయల డొప్ప ఒకటి ఆమె నీళ్ళలో వేసింది. డొప్ప ఊగింది, తిరిగింది, చిప్ప కిందికి దూరింది. అందరం వంగి అవతలి పక్క చూశాం. ముక్కు ముందు పెట్టుకుని దర్జాగా బయటికి వచ్చింది.

"మన మొదటి లాంచీ!" అంది ఈదమ్మ. రెండు చేతులూ చరిచి పిల్లలా గెంతింది.

నేను నవ్వలేదు. నా పళ్ళు చూశానని సైదులు ఊరంతా చెప్పాడు. వాడి మాట నమ్మవద్దు.

పైడిరాజు కోతల పుస్తకం తెరిచాడు. పదకొండు కోతల కింద పన్నెండు అని వేసి బొమ్మ గీశాడు. పేరు రాసే చోట పెన్సిలు ఆపి ఈదమ్మను చూశాడు. "ఏం పేరు పెడదామమ్మా?"

"బొక్క–పొక్క అని వెట్టు బాబూ" అందామె. "మీ దిక్కోళ్ళకు మా దిక్కోళ్ళకు ఇద్దరికీ సమజైతది."

అతను అదే రాశాడు. రామచంద్రం చదివి, కింద సంతకం పెట్టి, నా భుజం తట్టి జీపు వైపు నడిచాడు. నా భుజం తట్టినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. ఉత్తరాల డాక్ సంచి జీపులో వేశారు. నల్లగొండ ఆఫీసుకు పోతున్నాడు. జీపు కదిలింది.

అప్పుడు పైడిరాజు అడిగాడు.

"ఈదమ్మా, బట్టలవీ సర్దుకున్నావా మరి?"

"ఎటు పోనీకి?"

"అదేటి! మేస్త్రిగారు చెప్పలేదా? చిట్టీ వెనకాల రాసేను కదా!"

జేబులోంచి చిట్టీ తీశాను. తిప్పాను. ఇన్ని రోజులూ అది నా గుండె మీదే ఉంది. ఒక్కసారీ తిప్పలేదు. ఎడమదాన్ని తిప్పితేనే కుడిది అవుతుందని అందరికీ చెప్పే మనిషిని నేను.

వెనక సన్నని అక్షరాలు. "మేస్త్రిగారికి, విశాఖలో మూడు నెలలు ఫర్మాల పని నేర్పుతారు. మన పనికి ఒకటే సీటు. నేర్చుకుని వచ్చినవాళ్ళకు పర్మినెంటు. ఈదమ్మను మించినవాళ్ళు లేరు. సారు సంతకంతో ఆమె పేరు పద్నాలుగో తేదీ సాయంత్రం ఐదింటిలోగా నల్లగొండ ఆఫీసులో అందాలి. మీరు చెబితే సారు కాదనరు."

"ఇయ్యాల ఎంత తారీకు?" అన్నాను.

"పద్నాలుగు" అన్నాడు సైదులు.

ఈదమ్మ నా చేతిలోంచి చిట్టీ లాక్కుంది. పెదవులు కదుపుతూ చదివింది. ఒకసారి చదివింది. పర్మినెంటు అన్న మాట దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదివింది. తరువాత చీర కుచ్చెళ్ళు ఎగదోపి జీపు వెనక ఉరికింది. "సారూ! ఓ సారూ!" జీపు అప్పటికే మలుపు దగ్గర ఉంది. దాని మోతలో ఆమె అరుపు ఆమెకే వినపడి ఉండదు. నల్లగొండకు ఇంకో బండి రేపు పొద్దునగానీ లేదు.

నేను చుట్టూ చూశాను. షెడ్డు ముందర రైలు పట్టా వేలాడుతోంది. పక్కనే దాని సుత్తి.

నేను సుత్తి తీసుకోవడం పైడిరాజు చూశాడు. "వద్దండి మేస్త్రిగారూ! ఉద్యోగం పోద్ది!"

పోయిన ఏడు ఏడ్చిన మనిషి ముఖం నాకు గుర్తొచ్చింది. అతని పిల్లలూ గుర్తొచ్చారు. రెండు చేతులతో సుత్తి ఎత్తి కొట్టాను. ఇంకోసారి కొట్టాను. మూడోసారి కొట్టేటప్పటికి, దేవుడు సాక్షి, నాకు సంతోషమయింది.

మలుపు దగ్గర దుమ్ము లేచింది. జీపు ఆగింది.

జీపు ఒక్కటే ఆగితే బాగుండేది. పక్క షెడ్డు పట్టా అందుకుంది. దాన్ని గుట్ట మీది పట్టా అందుకుంది. తరువాత కట్ట మీద ఒకటి, అవతలి ఒడ్డున ఒకటి. రాయి ఎత్తిన క్రేను గాలిలో అలాగే నిలిచిపోయింది. ఇన్నేళ్ళుగా ఆగకుండా మోగుతున్న మిక్సర్లు ఒక్కొక్కటే ఆగాయి. కృష్ణ పారే చప్పుడు మొదటిసారి మా షెడ్డు దాకా వినిపించింది.

అన్ని వైపుల నుంచీ జనం మా వైపే ఉరికి వస్తున్నారు. స్ట్రెచర్లు మోసుకుని కొందరు. అందరికంటే ముందు రామచంద్రం సారు, చేతికర్ర పారేసి, పాలిపోయిన ముఖంతో. అతని పక్కనే ఈదమ్మ, తలపైకి ఎత్తిన చేతిలో చిట్టీ.

"ఎవరికి ఏమైంది?" అని దూరం నుంచే అరిచాడు రామచంద్రం. "ఎవరి బొక్కలు ఇరిగినయి మైసయ్యా?"

సుత్తి ఇంకా నా చేతిలోనే ఉంది.